ప్రొఫెసర్‌గారి ఫుల్ హ్యాండ్స్ చొక్కా

పంపుహౌస్ ప్రొఫెసర్‌కి ఒకటే జబ్బు. నోరు తెరిస్తే జెల్లీఫిష్. పలకరించినవాడికి ఒక పాఠం, తప్పించుకోబోయినవాడికి రెండు పాఠాలు.

చదివింది మూడో తరగతి. ఎప్పుడో సముద్రం మీద పరిశోధన చేసేవాళ్లెవరో వచ్చి కూలీలకి ఒక గంట చెప్పి వెళ్లారు. ఆ గంటని ఎనిమిదేళ్లుగా సాగదీస్తున్నాడు. కరెంటు ప్లాంటు కోసం సముద్రపు నీళ్లు తోడే చోటది. నీళ్లతో పాటు కొట్టుకొచ్చి ఇనప జాలీకి అతుక్కున్న జెల్లీఫిష్‌ని పీకి గంపలకెత్తడం ప్రొఫెసర్‌తో సహా ఆ కూలీల పని.

“దీనికి మెదడు లేదు, గుండె లేదు, వెన్నెముక లేదు. తినేదీ వదిలేదీ ఒకే కన్నంలోంచి. గుర్తుండకపోతే మన సూపర్‌వైజర్‌ని తల్చుకోండి” అనేవాడు. “నూటికి తొంభై అయిదు పాళ్లు నీళ్లే. అయినా మన క్యాంటీన్ టీ కంటే చిక్కన!”

అందరికంటే ఎక్కువ అనుభవించింది బావమరిది. పనిచేసేది ఒకే జాలీ దగ్గర, ఉండేది ఒకే ఇంట్లో. అన్నం దగ్గరా అదే పాఠం.

పోయినేడు జెల్లీఫిష్‌కి వేలాడే తీగ ఒకటి కుట్టి బావమరిది మొహం ఉబ్బి, ఊపిరాడక ఆసుపత్రిలో పడ్డాడు. “ఇంకోసారి తగిలితే ఇక్కడిదాకా ప్రాణాలతో రావు నువ్వు” అన్నాడు డాక్టరు. వేరే పని ఇప్పించమంటే సూపర్‌వైజర్ గేటు చూపించాడు.

అప్పట్నుంచి ప్రొఫెసర్‌కి పిచ్చి ముదిరింది.

“జరుగు! జాలీ దగ్గర నిలబడాలంటే చదువుండాలి. నువ్వు మూత పెట్టిన గంపలు మొయ్యి, గాడిదా!” చిరగని గ్లౌజుల జత ఒక్కటే ఉంటే అది మొహాన కొట్టేవాడు. “నా చేతికి పట్టవు, నువ్వేసుకుని ఏడువు.”

“మరి నీకు కుట్టదా బావా?”

“నన్ను గుర్తుపడుతుందిరా. ఎనిమిదేళ్ల పరిచయం.”

“మెదడు లేదన్నావుగా?”

“ఎదురు ప్రశ్నలేస్తే క్లాసులోంచి గెంటేస్తా!”

గంపలు మోసి మోసి బావమరిదికి నడుం విరిగేది. ఎండ మాడ్చేస్తున్నా బావకి మాత్రం మణికట్టు దాకా బొత్తాలు పెట్టిన ఫుల్ హ్యాండ్స్ చొక్కా. అదేమంటే ప్రొఫెసర్లు ఇలాగే వేసుకుంటారనేవాడు.

“మా బావ పెళ్లిచూపులకొచ్చాడ్రోయ్!” అని కసి తీర్చుకునేవాడు బావమరిది.

ఒకరోజు చెమటకి చిరాకేసి గ్లౌజులు ఊడదీశాడు. గట్టు మీద ఎండిపోయిన జెల్లీఫిష్ ఒకటి పడుంది. చచ్చిందిలే అని చెయ్యి చాపాడు.

“ఒరేయ్! చచ్చినా కుడుతుందిరా అది!”

ప్రొఫెసర్ వాణ్ని ఒక్క తోపు తోసి, దాన్ని తన చేత్తోనే లాగి అవతల పారేశాడు. ఆ ఊపులో చొక్కా చెయ్యి జాలీ మేకుకి తగులుకుని భుజం దాకా చిరిగింది.

చెయ్యంతా కొరడాతో కొట్టినట్టు చారలు. నల్లబడ్డవి కొన్ని, నిన్నటివి కొన్ని.

బావమరిది ఆ చెయ్యి పట్టుకుని చూశాడు.

“ఇదేనా బావా, గుర్తుపట్టడం?”

ప్రొఫెసర్ సముద్రపు నీళ్లతో చెయ్యి కడుక్కుంటూ గుర్రుమన్నాడు. “ఏం, మెదడు లేకపోతే మనిషిని గుర్తుపట్టకూడదా? ఏడాదికైనా నువ్వు గుర్తుపట్టావుగా! మీ అక్కకి చెప్పావో, అన్నం దగ్గర రెండు పాఠాలు!”

బావమరిది ఇంట్లో కాలుపెడుతూనే అక్కకి చెప్పేశాడు. పళ్లెం ముందు కూర్చుని రెండు పాఠాలూ విన్నాడు.