సార్ మార్చిన అంకె

మా సార్ పోయారు. మంగళవారం పొద్దున డిగ్రీలో నాతో చదివిన స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది.

"ఏమ్మే, కంప్యూటర్ సార్ లేడంట. ఆసుపత్రిలోనే అయిపోయిందంట. సాయంత్రం జమ్మలమడుగులో మట్టి చేస్తారంట. వస్తాండావా?"

వస్తానని గాని రానని గాని అనకుండా, "ఎన్ని గంటలకు?" అని అడిగాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. కాలేజీ పేరు కూడా రాయను. పాత విద్యార్థులు ఆయన జ్ఞాపకంగా ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. ఆయన పాఠం చెప్పే తీరు గురించి దానికొక పేజీ రాసిచ్చాను. అందులో ఉన్నదంతా నిజమే. అందులో రాయలేనిది మీకు చెబుతున్నాను.

మాది తుమ్మలపల్లె పక్కన చిన్న ఊరు. నాన్న గనిలో పనిచేసేవాడు. ప్రొద్దుటూరులో డిగ్రీలో చేరేదాకా నేను కంప్యూటర్‌ను ముట్టుకుని ఎరగను. మొదటి రోజు ల్యాబ్‌లో కీబోర్డు మీద చేతులు పెట్టడానికి భయపడి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సార్ వచ్చి నా పక్కన ఒక స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఏం పాపా, కరుస్తుందనుకుంటివా? నువ్వు చెడగొట్టలేంది ఈడ ఏమీ లేదు. నేను బాగుచేయలేంది కూడా లేదు. కొట్టు" అన్నారు.

ఆయన రోజూ జమ్మలమడుగు నుంచి బస్సులో వచ్చేవారు. ల్యాబ్‌లోకి వస్తూనే జేబురుమాలుతో మొదటి వరుస తెరలన్నీ తుడిచేవారు. శనివారాలు ఎవరైనా సాయంత్రం దాకా ఉండి పనిచేస్తామంటే ఉగ్గాని కట్టించుకొచ్చి, కీబోర్డుల దగ్గర తినకూడదని మమ్మల్ని వరండాలోకి తరిమి, తానూ మాతోపాటు నిలబడి తినేవారు. ఏదైనా పనిచేయకపోతే ఆయన చెప్పే మాటలు రెండే. "ఒక్కొక్కటే మార్చు, మార్చినాక చూడు." ఇంకొకటి, "తెర చెప్పింది నమ్మొద్దు, మిషన్‌ను అడుగు." ఈ రెండు మాటలతోనే నేను ఇవాళ్టికీ అన్నం తింటున్నాను.

డిగ్రీ అయిపోగానే అదే ల్యాబ్‌లో నాకు ఉద్యోగం ఇప్పించింది ఆయనే. ప్రిన్సిపాల్ గదిలో నన్ను నిలబెట్టి, "ఈ పాప చేతిలో పెడితే మనం నిశ్చింతగా ఉండొచ్చు సార్" అన్నారు. ఆ మాట మా నాన్నకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఇప్పుడు కొంచెం ఓపిగ్గా వినాలి మీరు. ఒకే నల్ల తెరను గదులుగా విడగొట్టి, ఒక్కో గదిలోంచి ఒక్కో కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్ ఒకటి ల్యాబ్‌లో వాడేవాళ్ళం. తెర అడుగున సన్నటి పట్టీ ఉంటుంది, స్టేటస్ బార్ అంటారు. మామూలుగా అందులో టైము, తేదీ ఉంటాయి. దానికి ప్లగిన్ అనే చిన్న తగిలింపు చేరిస్తే మనకు కావలసినవి చూపించుకోవచ్చు. ఆ ప్లగిన్‌కు నేను ఒక పని నేర్పాను. మనం ఏ కంప్యూటర్‌లో ఉన్నామో ఆ పేరు పట్టీలో కనపడాలి. పిల్లలు నేర్చుకునే కంప్యూటర్ అయితే పట్టీ ఆకుపచ్చగా, మార్కులు దాచే అసలు సర్వర్ అయితే ఎర్రగా ఉండాలి. ఐదు సెకన్లకొకసారి అది సరిచూసుకుని రంగు మార్చుకునేది. సార్‌కు అదంటే మహా ముచ్చట. ల్యాబ్‌కు ఎవరొచ్చినా, "ఇది మా పాప చేసింది" అని చూపించేవారు.

ఒక గురువారం నేను పిల్లల కంప్యూటర్‌లో పాత ఫైళ్ళు తుడిచేస్తున్నాను. మధ్యలో ఏదో చూడాల్సివచ్చి తెర మీది అదే గదిలోంచి అసలు సర్వర్‌లోకి వెళ్ళాను. ఫోన్ మోగింది, మాట్లాడి వచ్చాను. కింద చూస్తే పట్టీ ఆకుపచ్చగా ఉంది. సరే, సర్వర్‌లోంచి బయటికి వచ్చేసి ఉంటానని అనుకున్నాను. తుడిచే కమాండ్ కొట్టాను. మూడు గ్రూపుల ఇంటర్నల్ మార్కులు పోయాయి.

నేను మిషన్‌ను అడిగి ఉండాల్సింది. ఒక్క మాట టైపు చేస్తే అది తన పేరు చెప్పేది. ఆ తప్పు నాదే, దాన్ని ఎవరి మీదా పెట్టను.

కానీ పట్టీ ఎందుకు అబద్ధం చెప్పింది? మరుసటి రోజంతా దాని వెంటే పడ్డాను. మిగతా ప్లగిన్‌లు ఒక్కొక్కటే తీసి చూశాను. మార్పు లేదు. నేను రాసిన కమాండ్‌ను విడిగా నడిపితే సరైన పేరే చెప్పింది. అంటే జవాబు సరిగానే వస్తోంది, పట్టీలో మాత్రం పాతదే నిలబడి ఉంది. అప్పుడు సెట్టింగుల ఫైలు తెరిచాను. ఐదు ఉండాల్సిన చోట తొమ్మిది వందలు ఉంది. ఐదు సెకన్లకు బదులు పదిహేను నిమిషాలకొకసారి చూసుకుంటోంది అది. ఫైలు మారింది బుధవారం మధ్యాహ్నం. మార్చింది సార్ లాగిన్‌తో.

ఎవరికీ చెప్పకుండా నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళాను. ఆయన తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశారు.

"మిషన్లు నిదానమైనాయని మార్చినా పాపా. ఊరికే ఐదేసి సెకన్లకు దానికి పనిచెప్పేదెందుకని. ఇంత అయితాదనుకోలే."

"రేపు ప్రిన్సిపాల్ సార్ అడుగుతాడు సార్."

"నేను చెప్తా. నువ్వు ఆడ నోరు తెరవద్దు. నేనుండాను కదా."

నేను నమ్మాను. నమ్మడం అని కూడా అనిపించలేదు నాకు. తెల్లారితే పొద్దు పొడుస్తుందని నమ్ముతామా ఏంది!

మరునాడు ప్రిన్సిపాల్ గదిలో ముగ్గురు లెక్చరర్లు కూర్చుని ఉన్నారు. ఏం జరిగిందని ప్రిన్సిపాల్ అడిగారు. నేను సార్ వైపు చూశాను. ఆయన గొంతు సవరించుకున్నారు.

"చిన్న పిల్ల సార్. తొందరపడింది. కష్టపడే ఇంట్లోంచి వచ్చింది, ఈసారికి వదిలేయండి."

అంతే. ఇంకేమైనా అంటారేమోనని నేను ఆయన నోటివైపే చూస్తూ ఉండిపోయాను. నోరు తెరవద్దన్నది ఆయనే, ఆ మాట ఇంకా నా మీద పనిచేస్తూనే ఉంది. ఆ పూటే నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. సామాన్లు తీసుకోవడానికి నా సీటు దగ్గరికి వచ్చి, చివరిసారిగా ఆ ఫైలు తెరిచాను. తొమ్మిది వందలు లేదు. ఐదు ఉంది.

వెళ్ళేటప్పుడు ఆయన వరండాలో ఉన్నారు. నన్ను చూసి జేబురుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకోసాగారు. నేను దాటిపోయేదాకా తుడుస్తూనే ఉన్నారు.

ఇంటికొచ్చాక నాన్న ఒక్కటే అడిగాడు. "ఆ సార్ ఏమీ అనలేదా నీ తరపున?"

"అన్నాడు నాయనా. శానా బతిమాలినాడు" అన్నాను. అదీ నిజమే కదా.

ఏడాదిన్నర ఇంట్లోనే ఉన్నాను. తరువాత దూరంగా ఉన్న ఒక కంపెనీ సర్వర్లను పులివెందుల నుంచే చూసుకునే పని దొరికింది. పనిలో చిక్కు వచ్చినప్పుడల్లా ఆయన మాటలే గుర్తొచ్చేవి, ఆ మాటలతో చిక్కు విడిపోయేది. కోపం తెచ్చుకోవడానికైనా ఆయన నాకు పూర్తిగా పరాయివాడు కాలేదు. అదే నాకు ఎక్కువ కష్టమైంది.

రెండు నెలల కిందట ఆయన ఫోన్ చేశారు. గొంతు గుర్తుపట్టలేదు.

"పాపా, నేను. ఆసుపత్రి నుంచి మాట్లాడ్తాండా. ఆ పొద్దు మార్చింది నేనే."

"నాకు తెలుసు సార్. మీకూ తెలుసు. మిగతావాళ్ళకు కదా తెలియంది."



"భయమైంది పాపా. అన్నేండ్ల పేరు. నోటిదాకా వచ్చి నిలిచిపోయింది."

"ఇప్పుడన్నా ఎవురికైనా చెప్పినారా?"

"చెప్తా. ముందు మా ఇంటామెకు చెప్తా. కాలేజీకి కూడా కాగితం రాసిస్తా. మాటిస్తాండా."

ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. ఆరేళ్ళ బరువు దిగినట్టు ఏడ్చాను. ఆ వారమే ఆసుపత్రికి వెళ్ళి చూడాలనుకున్నాను. పని పడి వెళ్ళలేదు. అది నా బాకీ.

మంగళవారం ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు చేరేసరికి చర్చిలో ప్రార్థన మొదలైంది. బెంచీలన్నీ పాత విద్యార్థులే. సమాధి దగ్గర అందరితోపాటు నేనూ పిడికెడు మట్టి వేశాను. మట్టి వేడిగా ఉంది. ఆ క్షణాన ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు.

తరువాత అందరం ఇంటికి వెళ్ళాం. సార్ భార్య హాల్లో కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్ళను పేరుపేరునా పలకరిస్తున్నారు. ఆమెను నేనెప్పుడూ చూడలేదు. స్నేహితురాలు నన్ను ముందుకు తీసుకెళ్ళి పేరు చెప్పింది. ఆమె తలెత్తి నా ముఖంలోకి చూశారు.

"నువ్వేనా పాపా? మార్కులు తుడిచేసిన పాపవి నువ్వే కదా?"

హాల్లో ఉన్నవాళ్ళు మావైపు తిరిగారు.

"నీ గురించి ఎన్నిసార్లు చెప్పినాడో. మొన్న ఆసుపత్రిలో కూడా చెప్పినాడు. పాపం తప్పు చేసింది, నేను కాపాడల్లని శానా చూస్తి, కాలేదు అని. నీ కోసం కండ్లనీళ్ళు పెట్టుకునె."

మొన్న. అంటే నాకు మాటిచ్చిన తరువాత.

నా చేతి గోళ్ళలో ఇంకా మట్టి ఉంది. చెప్పడానికి నా దగ్గర ఒకే ఒక్క వాక్యం ఉంది, చాలా చిన్నది. ఆమె ఎదురుచూస్తున్నట్టు నావైపు చూస్తున్నారు. ఆమెకు ఇక మిగిలింది ఆయన చెప్పిన మాటలే.

"అవునమ్మా, నేనే" అన్నాను.

"పోనీలే పాపా. ఆయన మనసులో ఏమీ పెట్టుకోలేదు" అని ఆమె నన్ను దగ్గరికి తీసుకున్నారు. నేను కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను. ఆమె చెయ్యి నా తల మీద పెట్టి, తరువాత వచ్చినవాళ్ళతో మాట్లాడుతూ, తీయడం మరిచిపోయారు. చాలాసేపు ఆ చెయ్యి అక్కడే ఉంది. నేను తల ఎత్తలేదు.