పడిన చెట్టు, పారువేట విల్లు

మా ఆయనకు నా మీద కంటే పడిపోయిన చెట్ల మీద మోజెక్కువని పెళ్ళయిన కొత్తలోనే మా అమ్మ దగ్గర చెప్పుకుని ఏడ్చాను. మాది కడప, బట్టల అంగడి ఇల్లు. ఆయనది బేతంచెర్ల పక్కన పల్లె, నాపరాళ్ళ పాలిష్ మిషన్లు. ఏడాదంతా రాతి దుమ్ములో మునిగే మనిషి, తొలకరి ముంగారు గాలి గట్టిగా కొట్టిన మర్నాడు మాత్రం మిషన్ల వైపు కన్నెత్తి చూసేవాడు కాదు. "పోదాం పామ్మే, యాడన్నా చెట్టు పడింటాది" అంటూ స్కూటరు బయటికి తీసేవాడు. పెళ్ళి భోజనానికి పిలుపొచ్చినంత సంబరం ఆ ముఖంలో.

దీని వెనక ఒక కట్టుబాటు ఉంది. ఏటా దసరా నాడు మా ఊరి దేవుడు పారువేటకు బయలుదేరతాడు. దేవుడు వేటకు పోవడమన్నమాట. ఊరి బయట జమ్మిచెట్టు దాకా పల్లకీ పోతుంది. అక్కడ పూజారి దేవుడి తరఫున ఒక బాణం వేస్తాడు. ఆ విల్లు ఇచ్చే వంతు మా అత్తగారి ఇంటిది. నిలబడి ఉన్న చెట్టు మీద గొడ్డలి వేయకూడదు, తనంతట తాను పడిన చెట్టుతోనే విల్లు చేయాలి. బాణం వేశాక దాన్ని జమ్మికే కట్టేసి రావాలి, మళ్ళీ ఇంటికి తేకూడదు. వచ్చేటప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదు. ఆడవాళ్ళం పొలిమేర దగ్గరే ఆగిపోతాం. కాబట్టి మా ఇంట్లో తయారైన విల్లు చివరికి ఎక్కడ చేరుతుందో నేను ఎన్నడూ కళ్ళతో చూడలేదు.

ఆయన అడవిలోకి పోయేవాడు కాదు. ఎర్రమల కొండల కింద పొలం గట్ల మీద, వంకల ఒడ్డున పడిన చెట్లే వెతికేవాడు. పొలం రైతు సరేనన్నాకే చెయ్యి వేసేవాడు. తడ చెట్టు దొరికిందంటే ఇక పండగే. ఆ కొయ్య వంచితే వంగుతుంది, వదిలితే లేస్తుంది. ఎవరైనా వేపచెట్టు పడిందని చెబితే, "వేప తలుపులకు బాగుంటాది గానీ వింటికి కాదప్పా" అనేవాడు.

పడిన తడ అంతా పనికొస్తుందని కాదు. మొదట బెరడు చూసేవాడు. పగుళ్ళు నిలువుగా సాగితే లోపలి నార కూడా తిన్నగా ఉన్నట్టు. తాడు పేనినట్టు మెలి తిరిగి ఉంటే దుమ్ము దులుపుకుని లేచేవాడు. తర్వాత గొడ్డలి వెనక వైపుతో తట్టి వినేవాడు. గుల్ల చప్పుడు వస్తే లోపల చెదలు చేరినట్టే. ఆఖరున మాను కింద చెయ్యి దూర్చి, అది ఏ రాతి మీదైనా పడిందేమోనని తడిమేవాడు. మా సీమలో రాయి లేని చోటు ఎక్కడుంది! చెట్టు పడినప్పుడు రాయి తగిలిన చోట నార లోలోపలే తెగుతుందట. పైకి ఏమీ కనపడదు, వంచిన రోజు పుటుక్కుమంటుంది. "వంచేదాకా తెల్దుమ్మే" అనేవాడు. "నన్ను మీ అమ్మ శానా వంచి చూసింది గదా, ఇరిగినానా?" అని నేను అంటే, పొలంలో ఉన్నామని కూడా మరచి పగలబడి నవ్వేవాడు.

తెచ్చిన దుంగను చీల్చి, తొందరగా ఆరి పగలకుండా కొసలకు పేడా ఎర్రమట్టీ కలిపి పూసి, అటక మీద పెట్టేవాడు. రెండు ఎండాకాలాలు గడిస్తే గానీ కొయ్య పదునుకు రాదు. చింతపండు కుండ కోసం అటకెక్కిన ప్రతిసారీ ఆ బద్దలే నా మోకాలికి తగిలేవి. తిట్టుకుంటూ దిగేదాన్ని.

విల్లు చెక్కేటప్పుడు నాకూ ఒక పని ఉండేది. పెరటి గోడ మీద బొగ్గుతో అడ్డగీతలు గీసి, వింటిని వాటి ముందు పెట్టి ఆయన తాడు లాగేవాడు. నేను దూరంగా నిలబడి రెండు కొమ్ములూ సమంగా వంగుతున్నాయో లేదో చూడాలి. "ఎడమది మొండికేస్తాండాది" అంటే ఎడమ వైపు కాస్త గీకేవాడు. "చెక్కేటోనికి కనపడదు, నీ కన్ను కావాల" అనేవాడు. ఆ మాట కోసం పొయ్యి మీద పప్పు మాడినా కదిలేదాన్ని కాదు.

అంతా అయ్యాక పిడికిలి పట్టే చోట చుట్టడానికి నా చీర అంచు చింపేవాడు. పాత చీర ఇస్తే వినేవాడా? "దేవునికిచ్చేదానికి మాసిన గుడ్డ ఎట్లా చుట్టేది?" అని మంచి చీర మీదే చెయ్యి వేసేవాడు. బట్టల అంగడిలో పుట్టినదాన్ని, చీర చిరిగిన చప్పుడు వింటే ప్రాణం విలవిలలాడేది. ఏటా పండగ పూట ఒక పోట్లాట మాకు రాసి పెట్టి ఉండేది.

నిరుడు ఎండల్లో ఆయన గుండె ఆగిపోయింది. ఏడాది మైల అని ఆ దసరాకు వేరేవాళ్ళు వెదురు విల్లు ఇచ్చారు. ఈ ఏడు మళ్ళీ మా వంతు. అటక మీద ఒకే ఒక్క బద్ద మిగిలింది, మేమిద్దరం కలిసి తెచ్చిన ఆఖరిది. కొసన ఎండిన పేడలో ఆయన వేళ్ళ గుర్తులు అలాగే ఉన్నాయి. రోజూ ఒకసారి అటకెక్కి ఆ గుర్తుల్లో నా వేళ్ళు పెట్టుకునేదాన్ని. ఇంటి మర్యాద ఏమైతే నాకేం, ఆ కొయ్య నాకు కావాలి.

"దించుదామా వదినా?" అని మరిది అడిగాడు. పురుగు తొలిచింది, పనికిరాదని చెప్పేద్దామనుకున్నాను. మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆయన తట్టి, తడిమి ఎంచిన కొయ్యను పనికిరాదని ఎట్లా అనేది? "దించు" అన్నాను. బాణం వేశాక మాత్రం విల్లును ఇంటికి తెచ్చుకోవాలని మనసులో గట్టిగా అనుకున్నాను.

మరిది చెక్కడానికి బాడిశ పట్టాడు. మొదటి దెబ్బకే కొసనున్న పేడ పొడి పొడిగా రాలిపోయింది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. అతను లోపలికి పోయి నీళ్ళు తెచ్చిచ్చాడు. తర్వాత లేచి బొగ్గుగీతల ముందు నిలబడ్డాను. "యాడ గీకాల్నో చెప్పు వదినా, నాకేం తెలుస్తాండ్లేదు" అన్నాడు. చెప్పాను. విల్లు వంగింది, విరగలేదు. చీర అంచుకు బదులు, ఆయన భుజాన వేసుకునే టువ్వాలు చింపి చుట్టాను.

దసరా నాడు పొలిమేర దగ్గర నేను ఆగలేదు. వెనక ఆడవాళ్ళు గుసగుసలాడారు. "ఏమ్మా, యాడికొస్తాండావు?" అన్నాడు పూజారి. "ఇది నేను చేసిన విల్లు సామీ, నేనే ఇయ్యాల" అన్నాను. పూజారి పక్కకు జరిగి దారి ఇచ్చి, "రా తల్లీ" అని నడిచాడు.

బాణం పోయింది. "విల్లు నాకియ్యి సామీ, ఇంట్లో ఆయన చెయ్యి పడింది ఇదొకటే ఉండాది" అని అడిగాను. "తీస్కపోమ్మా, ఎవురేమంటారు" అని చేతికిచ్చాడు. తీసుకుని తలెత్తి చూశాను.

జమ్మి కొమ్మలనిండా విల్లులు. బూడిద రంగుకు తిరిగి, తాళ్ళు కుళ్ళి, కొన్ని కొమ్మలతో కలిసిపోయి. ప్రతి పిడి చుట్టూ నా చీరల అంచులు. పెళ్ళయిన ఏటి పచ్చ చీర. ఉగాదికి మా అమ్మ పెట్టిన వంకాయ రంగుది. రెండు రోజులు నేను మాట్లాడకుండా అలిగిన ఎర్ర నేత చీర. కొన్నింటికి నాలుగు పోగులే మిగిలాయి. బట్టల అంగడి పిల్లను, అంచు చూస్తే గుర్తుపట్టనా? ఇంట్లో ఏమీ మిగల్లేదని ఏడ్చాను. మా కాపురమంతా ఇక్కడుంది.

మరిది కొమ్మ వంచి పట్టుకున్నాడు. టువ్వాలు చుట్టిన విల్లును పచ్చ చీర పక్కన నేనే కట్టాను.

తిరిగి వచ్చేటప్పుడు వెనక్కి చూడకూడదంటారు. అందరూ తల దించుకుని నడిచారు. నేను మాత్రం పొలిమేర దాటేదాకా చూస్తూనే వచ్చాను.