ఫెట్టిల్‌కు నాలుగో అర్థం

కొలువు కొత్తల మనిషికి కాళ్లు నేల మీద ఆనవు. కాటారం దిక్కు ఒక బడిల విద్యా వాలంటీరుగ చేరినప్పుడు నాకు ఇరవై రెండేండ్లు, నాదీ అదే వరస. పొద్దున ప్రార్థనల ‘ఈ రోజు ఇంగ్లీషు మాట’ చెప్పుడు నా పని. పిల్లలకు పనికొచ్చే మాటలు వదిలిపెట్టి, హెడ్‌మాస్టరు సారుకు గూడ తెల్వని మాటల కోసం డిక్షనరీ జల్లెడ పట్టేదాన్ని. (సారు తల ఊపేటోళ్లు. తెల్వదని ఆయన చెప్పలే, నేను అడగలే.) అక్కడితో ఆగినా బాగుండు. మా బాపు డోర్నకల్‌ల గ్యాంగ్‌మన్. పట్టాల కింద కంకర సదురుడు, వదులైన బోల్టులు బిగించుడు ఆయన పని. చేరిన రోజు సారు అడిగితే, ‘రైల్వేల ఆఫీసరు’ అని నా నోట్లకెళ్లి ఊడిపడ్డది. అప్పటిసంది సారు, “మా బామ్మర్దికి తిరుపతి బెర్తు కన్ఫర్మ్ చేయించుమనరాదమ్మా” అని వారానికోసారి అడుగుడు, నేను “బాపు క్యాంపుల ఉన్నడు సార్” అనుడు.

ఒకనాడు ఫెట్టిల్ అనే మాట దొరికింది. మురిసిపోయి నోట్‌బుక్‌ల ఎక్కించుకున్న. ఒకటి, ఒంట్ల సత్తువ, కులాస. రెండు, సదిరి బాగు చేసుడు. మూడు, పోత పోసిన వస్తువు అంచులు గీకి నున్నగ చేసుడు. నాలుగు, కొన్ని దేశాలల్ల రైలు పట్టాలు బాగుచేసేటోళ్లను ఫెట్లర్లు అంటరట. ఇగ మాట పుట్టుక చూస్తే, పాత ఇంగ్లీషుల నడికట్టు. నడుం బిగించి పనికి దిగుడు అన్నకాడికెళ్లి ఇన్ని అర్థాలు వచ్చినయట. పుట్టుక చెప్పాలె గని నాలుగోది మాత్రం చదవొద్దనుకున్న. సారు పట్టాల ముచ్చట తీసి బాపు గురించి కూపీ లాగితే నా గతేంది?

తెల్లారి ప్రార్థన మొదలుకాంగనే గేటు కాడ బాపు. చేతిల మామిడికాయ తొక్కు డబ్బా. చెప్పకుంట వచ్చిండు. నా పై ప్రాణం పైననే పోయింది. మా బాపేనని తెలుసుకొని సారు కుర్చీ తెప్పించి కూసోబెట్టి, “ఆఫీసరు సార్, మా బామ్మర్ది బెర్తు సంగతి జర చూడాలె” అన్నరు. బాపు కుర్చీ అంచున కూసోని నా దిక్కు చూసిండు. నా మొఖం చూడంగనే ఆయనకు సమజైంది. “ఇప్పుడైతే లీవుల ఉన్న సార్. డ్యూటీల చేరినంక చూద్దాం” అన్నడు మెల్లగ. బుద్ధెరిగి అబద్ధమాడని మనిషి, నా కోసం ఆడిండు.

నోట్‌బుక్ తెరిచి మూడు అర్థాలు చదివిన. ఆగిన. నాలుగోది గూడ చదివిన. “సార్, మా బాపు ఆఫీసరు కాదు. గీ ఫెట్లరే” అన్న. సారు నా దిక్కు తిరిగి, “బెర్తు పోతే పోయింది గని, పిల్లలకు పట్టాల ముచ్చట చెప్పుమను” అన్నరు. ఎండకు ఇనుము ఎట్ల సాగుతదో, సుత్తె దెబ్బ సప్పుడుతోని బోల్టు వదులు ఎట్ల పట్టుకుంటరో బాపు చెప్తుంటే, గంట కొట్టినా ఒక్కరు లేవలే. (నా మాటలకు ఒక్కనాడు గట్ల కూసోలే.)

బస్టాండుల బాపు అడిగిండు, “గంత మందిల ఎందుకు చెప్పినవ్ బిడ్డా? నీకు చిన్నతనం కాదా?” సిగ్గుపడాల్సింది నేను. నాకేడ సిగ్గయితదో అని పరేషానయింది ఆయన. ఆ మాటకు బస్టాండుల అందరి ముందట ఏడ్చిన.

ఇప్పుడు ఆ ఇరవై రెండేండ్ల పిల్ల యాదికొస్తే నవ్వొస్తది. పిలిచి రెండు తిట్టబుద్ధయితది. గని నాలుగో లైను దాటెయ్యకుంట చదివింది గూడ ఆ పిల్లనే గద అని ఊకుంట.