రెండో కొమ్మ

తాడేపల్లిగూడెం నర్సరీలో మూడొందలు చెప్పిన ముద్దమందారాన్ని, నిన్న వట్లూరులో మా పక్కింటావిడ గోడ మీదుగా ఊరికే తుంచి ఇచ్చారు. ఆ కొమ్మ జిగురు చేతికంటగానే నా చిన్నప్పుడు భీమడోలులో మా అమ్మ కొమ్మలు నాటడం గుర్తొచ్చింది.

అమ్మ ఏనాడూ మొక్క కొనలేదు. ఎవరింటికెళ్ళినా ఓ కొమ్మ అడిగి, తడిగుడ్డలో చుట్టి తెచ్చి, చిల్లుపడ్డ బొక్కెనలో గుచ్చేది. వేరొచ్చిందో లేదోనని నేను రోజూ పీకి చూసి మళ్ళీ గుచ్చేసేదాన్ని. మీరూ పీకే ఉంటారు, ఒప్పుకోండి.

అమ్మ తిట్టలేదు. ఆ తర్వాత నుంచి రెండేసి కొమ్మలు తెచ్చేది. "ఒకటి బతకడానికి, ఒకటి నువ్వు పీకడానికి" అంది.

నిన్న పక్కింటావిడను ఇంకో కొమ్మ అడిగాను.

"ఒకటి చాలదాండీ? ఇది తప్పకుండా బతుకుతుంది."

"బతుకుతుందండీ. రెండోది మా మనవరాలు పీకడానికి."