దూది పరీక్ష

తొంభై ఆరు మే నెల. మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి దోహాలో దిగాం. విమానం మెట్ల మీద కాలు పెట్టగానే వడగాలి మొహాన కొట్టింది. పదహారేళ్ళు పట్టాళంలో ఉన్నవాణ్ణి, రాజస్థాన్ ఇసుకలో పడుకున్నవాణ్ణి. అయినా ఒక్క క్షణం ఊపిరాడలేదు. మేం పదకొండుమందిమి. అందరం సైన్యం నుంచి పింఛను మీద వచ్చేసినవాళ్ళమే. సెక్యూరిటీ కంపెనీ మమ్మల్ని ఏరుకున్నది అందుకే. రెండేళ్ళ కాంట్రాక్టు. మీరు దాన్ని ఉద్యోగం అంటారు. నేను ఇప్పటికీ డ్యూటీ అనే అంటాను.

మా క్యాంపు ఊరి శివార్లలో, అబూ హమూర్ వైపు. రేకుల గదులు, గదికి ఆరుగురు, ఒక ఏసీ. ఇచ్చిన సామాను: నీలం చొక్కాలు రెండు, నల్ల ప్యాంట్లు రెండు, బెల్టు, టోపీ, విజిల్, టార్చి, ఐదు ప్లాస్టిక్ రేజర్ల ప్యాకెట్టు. చొక్కా కాలరు బిగుతుగా, అట్టలా ఉండేది. నీళ్ళు ట్యాంకరువి, ఉప్పగా ఉండేవి. సబ్బు నురగ వచ్చేది కాదు. నాలుగున్నరకి గడ్డం గీక్కోవడం, ఐదింటికి తనిఖీ, ఐదూ పదికి బస్సు, ఆరింటికి గేటు దగ్గర.

మా పోస్టు వెస్ట్ బేలో ఒక హోటలు. ఇప్పుడు మీ పిల్లలు ఫొటోల్లో చూపించే అద్దాల మేడలు అప్పుడు లేవు. సముద్రం, ఇసుక, నాలుగు రోడ్లు, మా హోటలు. మూడు గేట్లు, గేటుకొక వాకీటాకీ. హవల్దారుగా రిటైరైనవాణ్ణని నన్ను షిఫ్టు ఇన్‌చార్జిని చేశారు. తాత్కాలికంగా. ఆ తాత్కాలికం అన్న మాటే నన్ను తినేసింది.

రెండో గేటు మల్లేశ్‌ది. జగిత్యాల వైపు మనిషి, నాకంటే మూడేళ్ళు చిన్న. పట్టాళంలో ట్రక్కు డ్రైవరు. ఊళ్ళో వాళ్ళు దుబాయ్ పోయిండు అనుకుంటున్నారని, ఖతార్ అంటే ఎవరికీ ఎక్కడంలేదని నవ్వేవాడు. వాడికి ఒకటే కోరిక. రెండేళ్ళు మచ్చ లేకుండా పూర్తి చేసి, ఊరెళ్ళి సొంత లారీ కొనాలి. ఏ రంగు వేయించాలో కూడా నిర్ణయించుకున్నాడు. పసుపు.

వాడి తలనిండా ఉంగరాల జుట్టు. గడ్డమూ అంతే. ఒక్కో వెంట్రుక తీగంత మందం, కొస కొక్కెంలా వంకర. పట్టాళంలో డాక్టరు వాడికి రేజరు వద్దని చిట్టీ రాసిచ్చాడట. యూనిట్ మంగలి మిషనుతో పైపైన కత్తిరించేవాడట. ఆ చిట్టీ ఊళ్ళో ట్రంకుపెట్టెలో ఉండిపోయింది.

ఇక నా ఘనకార్యం చెబుతాను. శిక్షణ కేంద్రంలో మా ఉస్తాద్ రోజూ పొద్దున మా చెంపల మీద దూది రుద్దేవాడు, కింది నుంచి పైకి. ఒక్క పోగు అంటుకున్నా మైదానం చుట్టూ పది చుట్లు. దోహాలో కంపెనీ ఆ పరీక్ష అడగలేదు. ఎవరూ అడగలేదు. మందుల షాపుకెళ్ళి దూది కట్ట కొన్నది నేను. మొదటి వారమే వరసలో నిలబెట్టి అందరి చెంపలూ రుద్దాను. కంపెనీ మేనేజరు చూశాడు. ఆయన కూడా మాజీ సైనికుడే, వేరే దేశం సైన్యంలో మేజరు. "శభాష్, హవల్దార్" అన్నాడు. ఆ రోజు నా కాళ్ళు నేల మీద లేవు.

మల్లేశ్ చెంప మీద పోగులు అంటుకున్నాయి.

"ఏందిరా ఇది? మళ్ళీ పోయి గీక్కోనిరా."

"గీకిన్నన్నా. రెండుసార్లు గీకిన. మంట లేస్తున్నది."

"మంటేందిరా, నువ్వు సిపాయివేనా? తోలు లాగిపట్టి కింద నుంచి పైకి ఎదురు గియ్యి. నున్నగా వస్తాది."

వాడు పైవాడి మాట కాదనడం నేర్చుకోలేదు. ఎదురు గీశాడు. ఆ పూట దూది జారిపోయింది. నేను మురిసిపోయాను.

సూటి వెంట్రుకలున్నవాళ్ళకి ఈ బాధ తెలియదు. నాకూ తెలియలేదు. తోలు లాగి ఎదురు గీస్తే వెంట్రుక చర్మం మట్టం కంటే లోపలికి తెగుతుంది. సూటిదైతే వచ్చిన దారినే బయటికొస్తుంది. ఉంగరాలదైతే లోపలే మలుపు తిరుగుతుంది. లేదంటే బయటికొచ్చి, వంగి, మళ్ళీ చర్మంలోనే గుచ్చుకుంటుంది. ఒళ్ళు దాన్ని ముల్లు అనుకుంటుంది. ఎర్రగా పొక్కుతుంది, చీము పడుతుంది. మర్నాడు దాని మీద మళ్ళీ బ్లేడు. నెల తిరిగేసరికి వాడి దవడ కింద, మెడ మీద చోటు లేకుండా పొక్కులు. కాలరు ఒరుసుకున్నప్పుడల్లా ఉలిక్కిపడేవాడు. సేఫ్టీ పిన్నుతో తవ్వుకునేవాడు. నేను చూస్తూ "పటిక రాసుకోరా" అనేవాణ్ణి. నా తెలివి మండా!

వాణ్ణి కాపాడింది మూడో గేటు గార్డు. సూడాన్ సైన్యంలో కార్పొరల్‌గా చేసినవాడు. వాడి గడ్డమూ ఉంగరాలే, కానీ చెంపలు నిగనిగలాడేవి. ఒక శుక్రవారం మల్లేశ్ చేతిలో రేజరు లాక్కుని, "మాఫీ ఊపర్, భాయ్! నీచే, నీచే!" అని గల్ఫు హిందీలో కేకలేశాడు, పైకి కాదు, కిందికి అని. తర్వాత గంటసేపు కూర్చోబెట్టి నేర్పాడు. వేణ్ణీళ్ళలో పిండిన తువ్వాలు ఐదు నిమిషాలు మొహం మీద పెట్టుకోవాలి. సబ్బు రాసి కాసేపు ఆగాలి. బ్లేడు కొత్తదై ఉండాలి. తోలు లాగకూడదు, నొక్కకూడదు. వెంట్రుక ఎటు వాలి ఉంటే అటే గీయాలి, ఒక్కసారే. తర్వాత చల్లటి గుడ్డ. వంగి గుచ్చుకున్న వెంట్రుక పైకి కనిపిస్తే శుభ్రమైన సూదితో కొస మాత్రం లేపి వదిలేయాలి. పీకితే అది మళ్ళీ అడ్డంగానే మొలుస్తుంది. పొక్కులు ఉన్నంతకాలం అసలు బ్లేడే వద్దు. మిషనుతో నువ్వుగింజంత ఉంచి కత్తిరించుకోవాలి.

మల్లేశ్ అల్ సద్ బజారుకి వెళ్ళి మిషను కొనుక్కొచ్చాడు. మూడు వారాలు నేను వాడి దగ్గర దూది తీయలేదు. చూసీ చూడనట్టు దాటిపోయాను. నా జీవితంలో చేసిన మంచి పని అదొక్కటే, అదీ మూడు వారాలే. పొక్కులు మాడాయి. మెడ తిప్పగలిగాడు.

"గేట్ టూ, రిపోర్ట్."

"గేట్ టూ ఓకే అన్నా. మొఖం గూడ ఓకే."

వాకీటాకీలో అలా మాట్లాడకూడదు. తిట్టాలి. నవ్వి ఊరుకున్నాను.

ఆగస్టులో హోటల్లో పెద్ద సమావేశం. మేనేజరు ఐదింటి తనిఖీకి తానే వచ్చాడు. నా వెనకాల నిలబడి, "నీ దూది ఏది, హవల్దార్?" అన్నాడు. మల్లేశ్ ముందుకొచ్చేసరికి నా చెయ్యి ఆగాల్సింది. ఆగలేదు. రుద్దాను. నువ్వుగింజంత గడ్డం కదా, పోగులు పోగులుగా పట్టుకుంది.

"పది నిమిషాలు. గీక్కోనిరా."

"అన్నా, ఇయ్యాల్ల ఒక్కరోజు ఇడిసిపెట్టరాదే. ఇప్పుడిప్పుడే మానుతున్నది."

"పది నిమిషాలు అన్నా కదరా."

నీళ్ళ కోసం వెతికే సమయం కూడా లేదు వాడికి. పొడి మొహం మీద, పాత బ్లేడుతో, నేను నేర్పినట్టే ఎదురు గీశాడు. తిరిగొచ్చినప్పుడు కాలరు మీద ఏడెనిమిది ఎర్ర చుక్కలు. ఆ రోజు నలభై ఆరు డిగ్రీలు. పన్నెండు గంటలు ఆ గేటు దగ్గర, ఆ చెమటలో, ఆ కాలరులో నిలబడ్డాడు. ఒక్కసారి కూడా రిలీఫ్ అడగలేదు.

మూడో రోజుకి జ్వరం. దవడ ఒక పక్క ఉబ్బిపోయింది. అల్ సద్‌లో క్లినిక్‌కి తీసుకెళ్ళాను. డాక్టరమ్మది హైదరాబాదు. మొహం చూసి అదిరిపడింది.

"ఆరు వారాలు బ్లేడు తగలొద్దు. ఎవరు చెప్పారండీ ఇట్ల గీసుకోమని?"

మల్లేశ్ నా వైపు చూడలేదు. "నేనే మేడమ్" అన్నాడు. నేను గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. అప్పుడైనా నోరు విప్పాల్సింది.

డాక్టరమ్మ రాసిచ్చిన చిట్టీ మేనేజరు చదివి బల్ల మీద పడేశాడు. మతం కోసం గడ్డమైతే సరే, ఒకటో గేటు పఠాన్‌కి అనుమతి ఇచ్చాం కదా. జబ్బు కోసం గడ్డం మా కాంట్రాక్టులో లేదు, గేటు దగ్గర నిలబడలేనివాడు ఇంటికే అన్నాడు.

ఆ సాయంత్రం క్యాంపు మెస్సులో మా వంటాయన, అమలాపురం మనిషి, గరిటె పక్కన పెట్టి ఉపాయం చెప్పాడు.

"మతమైతే ఒప్పుకుంటాడంట కదండీ! మొక్కు ఉందని చెప్పెయ్యండి. మీ వైపు రాజన్న దేవుడికి జుట్టూ గడ్డం పెంచి మొక్కు తీర్చుకోరేంటి? ఆ దొరకేం తెలుస్తుందండీ?"

"దేవుని మీద అబద్ధమా?" అన్నాడు మల్లేశ్. చాలాసేపు పళ్ళెంలో కెలికాడు. "సరే. ఊరికి పోయినంక నిజంగనే మొక్కు తీర్చుకుంట. గప్పుడు అబద్ధం కాదు గదా అన్నా?"

"కాదులేరా" అన్నాను నేను. ఆ మాట అన్నది నేనే, గుర్తుపెట్టుకోండి.

మర్నాడు పదకొండూ పదికి ఆఫీసు గదిలో నిలబడ్డాం. మల్లేశ్ తనకొచ్చిన హిందీలో చెప్పాడు. రాజన్న దేవుడికి మొక్కు, తీరేదాకా కత్తి తగలకూడదు. మేనేజరు అంతా విన్నాడు. తర్వాత కుర్చీ నా వైపు తిప్పాడు.

"హవల్దార్, నువ్వు వీళ్ళ భాషవాడివి. ఇది నిజమేనా?"

ఒక్క మాట. ఎస్ సార్. నోరు తెరిస్తే చాలు.

"నో సార్" అన్నాను.

ఎందుకన్నానని ఇన్నేళ్ళలో నన్ను నేను వెయ్యిసార్లు అడిగాను. మొదట్లో, సైనికుడు పైవాడికి అబద్ధం చెప్పడు అని సమర్థించుకున్నాను. సిగ్గులేని మాట అది. పట్టాళంలో నేను చెప్పిన అబద్ధాలకి లెక్కలేదు. నా పేరు ముందున్న తాత్కాలికం తీసేయడానికి ఆ వారమే కాగితం పైకి వెళ్ళింది. అదీ అసలు సంగతి. కాగితం వచ్చింది కూడా. అది చేతికిచ్చినప్పుడు నా మీద నాకే రోత పుట్టింది. అయినా సంతకం పెట్టాను.

మల్లేశ్‌ని ఇంటికి పంపే టికెట్టు రావడానికి పదిహేడు రోజులు పట్టింది. డ్యూటీ లేదు, గదిలోనే ఉన్నాడు. గడ్డం పెరిగింది. పెరిగినకొద్దీ పొక్కులు అణిగిపోయాయి. డాక్టరమ్మ చెప్పింది అక్షరాలా నిజమైంది. ఏం లాభం! ఆ పదిహేడు రోజులూ వాడు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కొట్టి ఉంటే ఇంకా బాగుండేది.

మధ్యాహ్నం రెండింటికి వ్యాను వచ్చింది. వాడు పెట్టె లోపల పెట్టి, వెనక్కి నడిచొచ్చాడు. నా ముందు రెండడుగుల దూరంలో మడమలు కలిపి సావధాన్‌లో నిలబడ్డాడు. గడ్డం పైకెత్తాడు. ఎడమ చెంప నా వైపు తిప్పాడు.

"ఆఖరి ఇన్‌స్పెక్షన్ అన్నా. దూది పెట్టు."

నా జేబులో దూది ఉంది. రోజూ ఉండేది. చెయ్యి జేబులోకి వెళ్ళింది, బయటికి రాలేదు. వ్యాను డ్రైవరు హారన్ కొట్టి "యల్లా!" అని తొందరపెట్టాడు.

రెండేళ్ళూ పూర్తి చేసి, పర్మనెంటు ఇన్‌చార్జిగా, తొంభై ఎనిమిది మేలో బొంబాయి మీదుగా మా ఊరు గిద్దలూరు చేరాను. స్టేషనుకి చుట్టాలొచ్చారు, దండ వేశారు. మల్లేశ్ ఎవరిదో లారీకి క్లీనరుగా పోతున్నాడని తర్వాత తెలిసింది. ఉత్తరం రాయలేదు. ఏమని రాయాలి?

ఇప్పటికీ రోజూ గడ్డం గీక్కుంటాను. వేడి తువ్వాలు, కొత్త బ్లేడు, పై నుంచి కిందికి, ఒక్కసారే. అద్దం ముందు తల ఎత్తి చెంప తిప్పగానే వాడొస్తాడు. ఆ ఎండలో, వ్యాను పక్కన, సావధాన్‌లో. పొక్కు ఒక్కటి లేదు. వాడు నా కళ్ళలోకి చూడడు. తనిఖీలో చూడకూడదు కదా. నా భుజం మీదుగా ఎటో చూస్తూ, చెంప చూపిస్తూ, నా చెయ్యి కోసం నిలబడే ఉంటాడు.