పైపుల మీద ఒగ్గు దరువు

దయ్యాల కథలు మొదలైతే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. క్యాంపులో ఎవరైనా ఆ మాటలెత్తితే, పొద్దున డ్యూటీ ఉంది పడుకోండని లైటు ఆపేసేవాణ్ణి. ఇప్పటికీ నాకు ఆ నమ్మకాలు లేవు. జరిగింది మాత్రం చెబుతాను.

ప్రపంచ కప్ కోసం ఖతర్ అంతా తవ్విపోస్తున్న రోజులవి. నేను, జగిత్యాల వైపు నుంచి వచ్చిన లక్ష్మణ్, వాళ్ళ బావ రాజన్న ఇనప పైపులతో పరంజాలు కట్టే స్కాఫోల్డింగ్ పనిలో ఉండేవాళ్ళం. రాజన్న ఊళ్ళో ఒగ్గు కథలకు డోలు కొట్టేవాడు. ఇక్కడ పని దిగే ముందు స్పానర్‌తో పైపు మీద ఒక దరువు వేసేవాడు. ఆఖరి దెబ్బకు ముందు, మరిచిపోయినట్టు కాస్త ఆగి, అప్పుడు కొట్టేవాడు.

ఆ ఎండాకాలం రాజన్న నిద్రలోనే పోయాడు. శవాన్ని ఇంటికి పంపాం. లక్ష్మణ్ ఏడవలేదు. మర్నాడే డ్యూటీకి వచ్చాడు. ఆ తర్వాత ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

చలి మొదలయ్యాక ఒక సాయంత్రం, సైటు దిగుతుంటే సూపర్‌వైజర్ మమ్మల్ని ఆపాడు. దోహాలో ఇటలీ వాళ్ళ కొత్త రకం సంగీత కచేరీ ఉందట, వాళ్ళకు మా పైపులు కావాలట. యల్లా, పదండి, తీసుకెళ్ళి కట్టండి అన్నాడు. ఒళ్ళంతా దుమ్ముతోనే వెళ్ళాం.

పైపుల్ని తాళ్ళతో వేలాడదీశాం. అయిపోయాక విప్పాలి కాబట్టి స్టేజీ పక్కన తెర చాటున కూర్చోమన్నారు. వాయించేవాళ్ళు ఇద్దరే, ఒక పెద్దాయన, ఒకామె. పెద్దాయన కడ్డీతో పైపుల్ని గీకేవాడు. ఆమె ఫ్లూట్‌లోకి ఉత్త ఊపిరి వదిలేది. పాట లేదు, తాళం లేదు. పొద్దంతా విన్న సైటు చప్పుడే మళ్ళీ వింటున్నట్టుంది. నాకు కునుకు పట్టసాగింది.

కాసేపటికి పెద్దాయన కడ్డీ కింద పెట్టి కూర్చున్నాడు. ఆమె ఫ్లూట్ దించింది. హాలంతా నిశ్శబ్దం.

అప్పుడు పైపులు మోగాయి. ఒగ్గు దరువు. దగ్గర ఎవరూ లేరు. పెద్దాయన తలెత్తి పైపుల వంక చూశాడు.

“మా బావనే,” అన్నాడు లక్ష్మణ్ మెల్లగా.

దరువు ఆగింది. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. ఆఖరి దెబ్బ పడింది.

లక్ష్మణ్ తువ్వాలలో ముఖం దాచుకుని ఏడ్చాడు. “ఇగ పో బావా. అక్కను నేను చూసుకుంట,” అన్నాడు.

జనం అదీ కచేరీలో భాగమే అనుకున్నారు. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

మేం పైపులు విప్పుతుంటే పెద్దాయన దగ్గరికి వచ్చాడు. హాల్లో పనిచేసే ఒక మలయాళీ, పెద్దాయన మాటల్ని మాకు హిందీలో చెప్పాడు. చివర్లో వాయించింది మీలో ఎవరని అడుగుతున్నాడట. మేం కుర్చీల్లోంచి కదలలేదన్నాను. రికార్డు ఏమైనా పెట్టారా అని నేనూ అడిగించాను. మైకుగానీ స్పీకర్‌గానీ అసలు వాడనే లేదన్నాడు. పెద్దాయన ఇంకేమీ అడగకుండా గుండె మీద చెయ్యి పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తిరుగు బస్సులో లక్ష్మణ్ నా భుజం మీద తల పెట్టి పడుకున్నాడు. చాన్నాళ్ళకు అలా నిద్రపోవడం చూశాను. తర్వాత సెలవు పెట్టి ఇంటికి పోయాడు. అక్క దగ్గరే ఉండిపోయాడు.

ఏసీ గాలికి పైపులు తగిలాయేమోనని చాలాసార్లు అనుకున్నాను. మనసు ఒప్పుకోలేదు. లక్ష్మణ్ అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. వరి సంగతి, అక్క పిల్లల చదువులు చెబుతాడు. ఆ సాయంత్రం మాట తనెత్తడు, నేనూ ఎత్తను.