మా బావ తోట, మా అక్క ముక్కు

మా బావకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. వచ్చినవాళ్ళ ముక్కుమీద ఇనప ఫ్రేము పెట్టి, అందులో ఒక అద్దం వేసి, తీసి, ఇంకొకటి వేసి, "ఇది బాగుందా? ఇదా?" అని అడగడమే ఆయన జీవితం. ఎదుటివాడు విసిగిపోయి "రెండూ ఒకటేనండీ" అనేదాకా వదలడు. ఆ అలవాటు దుకాణం బయట కూడా పోదు. కూరగాయల బండి దగ్గర రెండు టమాటాలు పట్టుకుని నావైపు చూస్తూ "ఇదా? ఇదా?" అంటాడు. బావమరిదిని, పైగా వాళ్ళ మేడమీదే ఉంటున్నవాణ్ణి, భరించక తప్పదు.

వాళ్ళ ఇల్లు ఊరి చివర, కొండకింద. ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ పనిచేసేది మా అక్క కుట్టుమిషను. వెలుతురు కోసం అక్క దాన్ని వరండాలో వేసుకుంది. సాయంత్రం బావ దుకాణం కట్టేసి వచ్చి, మిషను పక్కకు కుర్చీ లాక్కుంటాడు. ఆయన టీ తాగుతూ దుకాణం కబుర్లు చెబుతుంటే అక్క కుడుతూ వింటుంది. రోజు మొత్తంలో ఇద్దరూ ఒకచోట ఉండేది ఆ కాసేపే. బావ పైకి అనడు కానీ, పొద్దున్నుంచీ ఆ కాసేపటి కోసమే ఎదురుచూస్తాడు.

అక్క కళ్ళముందు పచ్చగా ఉండాలని వరండా ముందు తోట వేశాడు. అక్క అడగలేదు. గులాబీలూ మందారాలూ పెట్టాడు. కొండమీంచి జింకలు దిగి మొగ్గలతో సహా ఊడ్చేశాయి. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ వచ్చాయి. గులాబీకి ముళ్ళున్నాయి కదా, ఎలా తింటున్నాయని మా బావ పొద్దున్నే మొండి కొమ్మల ముందు నిలబడి బుర్ర గోక్కునేవాడు.

నర్సరీ ఆయనను అడిగితే, ఆయన ఉన్న తికమకను ఇంకాస్త పెంచాడు.

"ఘాటు వాసనున్నవి ముట్టవు సార్. నూగు ఆకులవీ ముట్టవు. పాలు కారేవీ అంతే. అయితే బాగా ఆకలేస్తే ఏదైనా తినేస్తాయి."

"మరి ఏది పెట్టమంటారు?"

"జింక ముక్కుకి గిట్టనిది పెట్టండి."

"దాని ముక్కుకి ఏది గిట్టదో నాకెలా తెలుస్తుంది?"

"అది జింకనే అడగాలి సార్."

మా బావ దీన్ని జోకుగా తీసుకోలేదు. ఆయన ముక్కు కళ్ళజోడు నిలబెట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఏడాది పొడవునా జలుబే. కానీ జింకకు తీసిపోని ముక్కు ఇంట్లోనే ఉందని గుర్తొచ్చింది. నేను మేడమెట్లు ఎక్కుతుంటే చాలు, బయట ఏం తిని వచ్చానో మా అక్క చెప్పేస్తుంది. పాలు విరగబోతున్నాయని పాలకంటే ముందే కనిపెడుతుంది.

ఇక పరీక్షలు మొదలయ్యాయి. బావ జేబు నిండా ఆకులు తెచ్చి, నలిపి, అక్క ముక్కు దగ్గర పెట్టేవాడు. "ఇది ఘాటా? ఇదా?" వాము ఆకుకు అక్క ముఖం చిట్లించింది. మాచిపత్రికి తల తిప్పేసుకుంది. బంతి ఆకుకు తుమ్మింది. కంచెల మీద పెరిగే పులికంపకైతే లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. "ఎందుకండీ ఇవన్నీ?" అంటే "ఊరికే, తెలుసుకుందామని" అన్నాడు. ఆవిడ తుమ్మినకొద్దీ ఈయన ముఖం వెలిగిపోయేది. పెళ్ళాం తుమ్మితే సంబరపడే మొగుణ్ణి నేనింకెక్కడా చూడలేదు.

అక్క ముఖం చిట్లించినవన్నీ తెచ్చి వరండా అంచున వరసగా పాతాడు. వానలు పడగానే ఏపుగా పెరిగాయి. జింకలు వచ్చాయి, కంచె దగ్గర ఆగి ముక్కులెత్తి చూశాయి, వెనక్కి తిరిగిపోయాయి. బావ వీధిలో కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. కళ్ళ పరీక్షకు వచ్చినవాళ్ళనూ వదల్లేదట.

సరిగ్గా అప్పుడే వరండాలోంచి మిషను మాయమైంది. అక్క దాన్ని వెనక గదిలోకి మార్చింది. మోసింది నేనే. ఎందుకే అంటే "ఇక్కడైతే హాయిగా ఉంటుందిరా" అంది. ఆ గదికున్నది ఒకే చిన్న కిటికీ, దాని అవతల పక్కింటి గోడ. అందులో హాయేమిటో నాకు అంతుపట్టలేదు.

బావ వరండాలో ఒంటరిగా మిగిలాడు. వెనక గదిలో రెండో కుర్చీకి చోటు లేదు. చేతిలో టీ చల్లారిపోయేది. "నామీద కోపమొచ్చిందంటావా? ఒంట్లో బాగాలేదా?" అని నన్ను పట్టుకునేవాడు. "కోపమా? ఒంట్లోనా?" అక్కడా అదే పరీక్ష. నవ్వొచ్చేది, అంతలోనే జాలేసేది.

కొన్నాళ్ళకు అక్క నన్ను తోడు తీసుకుని దుకాణానికి వెళ్ళింది.

"సూది బెజ్జం కనబడటం లేదండీ. అద్దాలు కావాలేమో చూడండి."

బావ హడలిపోయాడు. ఫ్రేము పెట్టి అద్దం మీద అద్దం మార్చాడు. "ఇది బాగుందా? ఇదా?" "రెండూ ఒకటే." అట్టమీద అన్నిటికంటే చిన్న అక్షరాలను కూడా అక్క గడగడా చదివేసింది. బావ తల పట్టుకున్నాడు.

"కళ్ళు బంగారంలా ఉన్నాయి. మరి బెజ్జం ఎందుకు కనబడదు?"

"ఆ గదిలో వెలుతురు లేదుగా."

"మరి వరండాలోనే కుట్టుకోవచ్చుగా?"

"ఆ కంపులోనా?"

"ఏ కంపు?"

"ఏ కంపేమిటండీ! నాకు గిట్టనివన్నీ ఏరి ఏరి తెచ్చి నా ముక్కు ముందే పాతారు. మీరేమో వీధంతా చెప్పుకుని మురిసిపోతుంటే ఇక నేనేమంటాను?"

"జింకలు రాకుండా..." అన్నాడు బావ. "నీకు గిట్టకపోతే వాటికీ గిట్టదని..." తన మాట తనకే ఎలాగో వినిపించినట్టుంది, అక్కడితో ఆగిపోయాడు. నవ్వాపుకోలేక నేను కళ్ళజోళ్ళ బీరువా వైపు తిరిగి నిలబడ్డాను.

"సరే, అవన్నీ పీకేస్తాను," అన్నాడు. "నీకిష్టమైంది చెప్పు, అదే పెడదాం. గులాబీయా? మందారమా?"

"రెండూ కాదు."

"మరి?"

ముక్కుమీద ఫ్రేము తీయకుండానే అక్క చాలాసేపు ఆలోచించింది. "ఏమోనండీ. ఎప్పుడూ ఎవరూ అడగలేదు కదా."

నాకు నవ్వు పోయింది. ఇన్నేళ్ళ కాపురంలో అక్కకు గిట్టనివన్నీ బావకు కంఠతా వచ్చు. ఇష్టమైనది ఒక్కటీ తెలియదు. తోడబుట్టినవాణ్ణి, నాకూ తెలియదు.

బావ పట్టపగలు దుకాణం మూసి మమ్మల్ని నర్సరీకి తీసుకెళ్ళాడు. అక్క ఒక్కో మొక్క దగ్గరా వంగి, వాసన చూసి, ముందుకు కదిలింది. బావ "ఇదా? ఇదా?" అంటూ వెనకే నడిచాడు. "ఉండండి, తొందరపెట్టకండి" అంది అక్క. చివరికి ఒక మూల పందిరి కింద ఆగింది. చిక్కుడు తీగ, ఊదారంగు పూలతో ఉంది. పెద్దగా వాసనేమీ లేదు.

"ఇది," అంది. ఆ మాటకు ఆవిడే ఆశ్చర్యపోయింది.

"అమ్మా, ఇది పెట్టారంటే జింకల్ని పిలిచి వడ్డించినట్టే," అన్నాడు నర్సరీ ఆయన.

బావ తీగ వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. ఆయన లెక్క ప్రకారం అంతే కావాలి మరి: అక్కకు నచ్చింది జింకకూ నచ్చాలి. అయినా, "జింకల సంగతి తర్వాత. విత్తనాలివ్వండి," అన్నాడు.

మిషను మళ్ళీ వరండాలోకి వచ్చింది. ఈసారీ మోసింది నేనే. కంపు మొక్కలు పీకేసిన చోట బావ వేసిన పందిరిని తీగ అందుకుంటున్న ఒక సాయంత్రం, కంచె మీంచి ఒక జింక మెడ చాచి లేతాకు తుంచుకుంది. బావ గ్లాసు కింద పెట్టి పరిగెత్తబోయాడు. అక్క మిషను ఆపలేదు.

"కూర్చోండి," అంది. "తింటే మళ్ళీ వేద్దాం. విత్తనాలున్నాయిగా."

బావ ఏమీ అర్థంకాని ముఖంతో నావైపు చూసి, కూర్చున్నాడు.